చీరల కొట్టు సైటుకు మంచి లింకులు: ఎక్కడ దొరుకుతాయి, ఎలా అడగాలి, వేటి జోలికి పోకూడదు

“ఒరేయ్, మంగళగిరి చీర అని కొడితే మన కొట్టు ఎక్కడా కనపడదేంట్రా?” అని మామయ్య అడిగిన రోజు ఫోన్ తీసి చూశాను. నాలుగో పేజీలో ఉన్నాం. మాకంటే పైన ఉన్న కొట్లలో కొన్ని అసలు మంగళగిరిలో ఉన్నవే కావు. మాదేమో గాలిగోపురం కనపడే వీధి. ఆ సంగతి గూగుల్‌కు చెప్పేవాళ్లు లేరు, అదీ మా బాధ.

ఆ చెప్పేవాళ్లే బ్యాక్‌లింకులు. వేరొకరి సైటులోంచి మన పేజీకి వచ్చే లింక్ అన్నమాట. 1996లో స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ పనిచేసిన ప్రాజెక్టు పేరే బ్యాక్‌రబ్. పరిశోధన వ్యాసాల్లో ఎక్కువమంది ఉదహరించినదానికి విలువ ఎక్కువ కదా, వెబ్ పేజీలకూ ఆ లెక్కే వేద్దాం అనుకున్నారు. ఎంతమంది ఉదహరించారన్నదే కాదు, ఆ ఉదహరించినవాళ్లకు ఎంత పరపతి ఉందో కూడా లెక్కలోకి తెచ్చారు. దానికే పేజ్‌ర్యాంక్ అని పేరు పెట్టి 1998లో వ్యాసం ప్రచురించారు.

ఇప్పుడు గూగుల్ చూసేవి ఇంకా చాలా ఉన్నాయి. లింకులను జనం మరీ ఎక్కువ చేసి చూస్తున్నారని, అవి మొదటి 3 అంశాల్లో ఉన్నాయని తాను అనుకోనని గూగుల్‌లో పనిచేసే గ్యారీ ఇలియెస్ 2023లో ఒక సభలో అన్నాడు. నేనూ ఆ మాటే నమ్ముతాను. సైటు ఫోన్‌లో తెరుచుకోక గిర్రున తిరుగుతుంటే, పేజీలో సరుకే లేకపోతే, లింకులు ఎన్నున్నా దండగ. అవన్నీ సరిచేసుకున్నాక కూడా వెనకే ఉంటే అప్పుడు ఈ పని మొదలుపెట్టండి. తెలుగులో రాసేవాళ్లకు ఒక వెసులుబాటు కూడా ఉంది. ఇంగ్లిష్‌లో ఉన్నంత పోటీ ఇక్కడ లేదు. వందల లింకులు అక్కర్లేదు.

1. ముందు చేతిలో ఉన్నవి లెక్కపెట్టండి

మన సైటు గూగుల్‌లో ఎలా కనపడుతోందో చూపించే గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉచితం. సైటు మీదేనని నిరూపించుకుని లోపలికి వెళ్తే, ఎడమవైపు మెనూలో కింద ‘లింక్స్’ అని ఉంటుంది. ఏ సైట్లు మీకు లింక్ ఇచ్చాయి, మీ ఏ పేజీకి ఎక్కువ వచ్చాయి, ఏ మాట మీద లింక్ పెట్టారు అనే మూడు పట్టికలు కనపడతాయి. వాటిని షీటులోకి దించుకోండి. బింగ్ వాళ్ల వెబ్‌మాస్టర్ టూల్స్‌లోనూ ఇలాంటిదే ఉంది, అదీ ఉచితమే. లింకుల లెక్కలు అమ్మే ఏహ్రెఫ్స్ అనే కంపెనీ కూడా మీ సొంత సైటు వరకూ ఊరికే చూడనిస్తుంది.

ఆ జాబితాలో మొదట చూడాల్సింది మీరు అనుకునేది కాదు. ఎవరు లింక్ ఇచ్చారన్నదానికంటే ముందు, ఆ లింకులు పట్టుకుని వచ్చినవాళ్లు ఎక్కడ దిగుతున్నారో చూడండి. మా సైటును రెండేళ్ల కిందట కొత్త డిజైన్‌లోకి మార్చాం. అప్పుడు పేజీల చిరునామాలన్నీ మారిపోయాయి. పాత ‘నిజాం అంచు’ పేజీకి ఒక కాలేజీ టెక్స్‌టైల్ విభాగం వాళ్లు లింక్ ఇచ్చి ఉన్నారు. అది నొక్కితే ‘పేజీ దొరకలేదు’ అని వస్తోంది. అంటే రెండేళ్లుగా మాకొచ్చిన అతిథి తాళం వేసిన తలుపు చూసి వెనక్కి పోతున్నాడు.

దీనికి మందు 301 రీడైరెక్ట్. పాత చిరునామాకు వచ్చినవాళ్లను శాశ్వతంగా కొత్త చిరునామాకు పంపించేది. ఒక్క జాగ్రత్త: పాత పేజీలన్నిటినీ గంపగుత్తగా హోమ్‌పేజీకి మళ్లించకండి. గూగుల్ దాన్ని దొరకని పేజీ కిందే జమకడుతుంది. ఏ పాత పేజీకి దగ్గరగా ఏ కొత్త పేజీ ఉందో చూసి దానికే కలపాలి. మాకు ఒక మధ్యాహ్నం పట్టింది. కొత్త లింక్ కోసం ఎవరినీ అడగకుండానే దక్కిన లింకులివి.

2. ఏది మంచి లింకో ముందే తేల్చుకోండి

నేను ఒకటే ప్రశ్న వేసుకుంటాను: గూగుల్ అనేది లేకపోయినా ఈ లింక్ ఇక్కడ ఉండేదా? చేనేత గురించి రాసిన వ్యాసంలో, చదివేవాడికి ఇంకాస్త తెలియాల్సిన చోట లింక్ ఉంటే అవును. ఫర్నిచర్ సైటు అడుగున, 40 కంపెనీల పేర్ల మధ్య ఉంటే కాదు.

డీఏ, డీఆర్ అని అంకెలు వినే ఉంటారు, ఒక సైటుకు లింకుల వల్ల ఎంత పరపతి ఉందో వేసే మార్కులు. డీఏ మోజ్ కంపెనీ లెక్క, డీఆర్ ఏహ్రెఫ్స్ లెక్క. రెండూ గూగుల్‌వి కావు. గూగుల్ తన పేజ్‌ర్యాంక్ అంకెను టూల్‌బార్‌లో చూపించడం 2016లో మానేసింది. రెండు సైట్లను పోల్చుకోవడానికి ఈ అంకెలు పనికొస్తాయి. అంతకుమించి వాటి కోసం టెన్షన్ పడక్కర్లేదు. ఒక చేనేత ఉపాధ్యాయుడి చిన్న బ్లాగుకు డీఏ సున్నా దగ్గర ఉండొచ్చు, దాన్ని చదివేవాళ్లు మాత్రం చీరలు కొనేవాళ్లే.

లింక్ మీద కనపడే మాటను యాంకర్ టెక్స్ట్ అంటారు. “మగ్గం భాగాల గురించి ఇక్కడ చదవండి” అని ఒకరు, మన కొట్టు పేరుతో ఇంకొకరు, ఉత్త చిరునామాతో మరొకరు పెడతారు. మనుషులు రాస్తే అలాగే కలగాపులగంగా ఉంటుంది. అన్ని చోట్లా “మంగళగిరి చీరలు ఆన్‌లైన్ తక్కువ ధర” అనే ఉంటే అది ఎవరో డబ్బిచ్చి పెట్టించారని పసిపిల్లాడికైనా తెలుస్తుంది.

ఇక నోఫాలో. 2005లో బ్లాగు వ్యాఖ్యల్లో చెత్త లింకులు పెరిగిపోయినప్పుడు, ‘ఈ లింక్‌కు నా పూచీ లేదు’ అని సెర్చ్ ఇంజిన్‌కు చెప్పడానికి తెచ్చిన గుర్తు ఇది. 2019లో దానికి తోడుగా, డబ్బు తీసుకుని పెట్టినవాటికి ‘స్పాన్సర్డ్’, వాడుకరులు రాసినవాటికి ‘యూజీసీ’ అనే గుర్తులు వచ్చాయి. అప్పటి నుంచి గూగుల్ వీటిని ఆజ్ఞగా కాక సూచనగా తీసుకుంటోంది. నోఫాలో లింక్ వద్దని నేను ఎవరికీ చెప్పను. దాన్ని పట్టుకుని మనిషి వస్తే చాలు.

3. ఇంకొకరు లింక్ ఇవ్వక తప్పని పేజీ ఒకటి తయారుచేయండి

మొత్తం పనిలో సగం కష్టం ఇక్కడే ఉంది. చాలామంది ఈ అడుగు దాటేసి నేరుగా మెయిళ్లు పంపడం మొదలుపెడతారు. నేనూ అదే చేశాను. చీరల అమ్మకం పేజీకి లింక్ ఇమ్మని ముక్కూమొహం తెలియనివాళ్లను అడిగితే ఎందుకిస్తారు? వాళ్ల పాఠకుడికి అందులో ఏముంది?

మామయ్య కొట్టుకు సరుకిచ్చే నేతగాడి ఇంటికి ఓసారి వెళ్లాను. గుంట మగ్గం మీద కూర్చుని నేస్తూ ఆయన ఒక్కో భాగం పేరు చెబుతుంటే, ఫోన్‌లో వెతికి చూసుకుంటున్నాను. పడుగు, పేక వరకూ దొరికాయి. పేకను అటూ ఇటూ మోసే నాడె దొరికింది కానీ బొమ్మ లేదు. నాడెలో పెట్టే నూలు చుట్ట కోసం కండె అని కొడితే మొక్కజొన్న కండెలు వచ్చాయి! తెలుగులో మగ్గం మాటలన్నీ ఫొటోలతో ఒక చోట నాకైతే కనపడలేదు. మా పేజీ అక్కడ పుట్టింది.

ఒక్కో మాటకు దగ్గరగా తీసిన ఫొటో, రెండు మూడు వాక్యాల వివరణ, ఇంగ్లిష్‌లో ఏమంటారో, ఆ నేతగాడి గొంతుతో ఆ మాట ఎలా పలుకుతారో చిన్న ఆడియో. నెలన్నర పట్టింది. అందులో చీర ధర ఒక్కటీ లేదు. చివర్లో మాత్రం మా మంగళగిరి చీరల పేజీకి ఒక లింక్ ఉంది. బయటి నుంచి వచ్చిన విలువ మన సైటు లోపలి లింకుల ద్వారానే అమ్మకం పేజీకి చేరుతుంది, కాబట్టి ఆ ఒక్క లింక్ మరవకూడదు.

మీ వ్యాపారం వేరే కావచ్చు. వెతకాల్సింది ఏమిటంటే, మీ పనిలో మీకు రోజూ తెలిసేది, బయటివాళ్లకు ఎక్కడా సరిగ్గా దొరకనిది. ట్రాక్టర్ మెకానిక్ అయితే ఏ శబ్దం వస్తే ఏ భాగం అరిగినట్టో రికార్డు చేసి పెట్టొచ్చు. ఊరగాయలు పట్టేవాళ్లు ఏ రకం కాయకు ఎంత ఉప్పు, ఎంత కారమో కిలోల లెక్కన పట్టిక వేయొచ్చు.

మేము చేసిన రెండో పేజీ ఒక పట్టిక: చేనేత ఊళ్లు, వాటి పాత జిల్లా, ఇప్పటి జిల్లా. పోచంపల్లి 2016లో నల్గొండ నుంచి యాదాద్రి భువనగిరికి వెళ్లింది. అప్పుడే గద్వాల పేరుతో కొత్త జిల్లా వచ్చింది. నారాయణపేట 2019లో సొంత జిల్లా అయింది. 2022 ఏప్రిల్‌లో ఉప్పాడ కాకినాడ జిల్లాలోకి, ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి, చీరాల బాపట్లలోకి వచ్చాయి. ఇప్పటికీ ఎన్నో పేజీల్లో పాత జిల్లాలే ఉన్నాయి. ఈ పట్టికను ఎక్కువగా వాడుకున్నది ఎవరో తెలుసా? గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లు. మేము వాళ్లను కల్లో కూడా అనుకోలేదు.

చిరునామా విషయంలో ఒక చిన్న సలహా. పేజీ లింక్‌లో తెలుగు అక్షరాలు పెడితే, దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో వేసేసరికి శాతం గుర్తులతో గజం పొడుగు కొండచిలువలా తయారవుతుంది. జనం అది చూసి ఏదో వైరస్ అనుకుంటారు. చిరునామా మట్టుకు ఇంగ్లిష్ అక్షరాల్లో, రెండు మూడు మాటల్లో పెట్టుకోండి.

4. ఎవరిని అడగాలో జాబితా వేయండి

గూగుల్‌లోనే వెతకండి, కానీ రకరకాలుగా వెతకండి. పోచంపల్లిని ఇంగ్లిష్‌లో ఒకరు చివర ‘ఐ’తో రాస్తారు, ఒకరు ‘వై’తో రాస్తారు. తెలుగులోనూ నారాయణపేట, నారాయణ్‌పేట్ అని రెండు రకాలుగా ఉంటుంది. అన్నీ వేసి చూడాలి. మాటలను కొటేషన్ గుర్తుల్లో పెడితే అచ్చంగా అవే ఉన్న పేజీలు వస్తాయి. మాట ముందు మైనస్ గుర్తు పెడితే అది ఉన్నవి తీసేస్తుంది. కొట్లు వద్దు, వ్యాసాలే కావాలంటే ఇది బాగా పనికొస్తుంది.

మా జాబితాలోకి వచ్చినవాళ్లు: చేనేత మీద రాసే బ్లాగర్లు, టెక్స్‌టైల్ చదువు చెప్పే కాలేజీల్లో విద్యార్థులకు చదవాల్సినవి పెట్టే అధ్యాపకులు, పిల్లలకు తెలుగు నేర్పే ప్రవాస తెలుగువాళ్లు, పరీక్షల సైట్లు, ఆగస్టులో వార్త రాసే విలేకరులు. ఆగస్టు ఎందుకంటే, 1905 స్వదేశీ ఉద్యమానికి గుర్తుగా 2015 నుంచి ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం జరుపుతున్నారు. ఆ వారం ప్రతి డెస్కులోనూ ఒక చేనేత కథ కావాలి. మీ పేజీ జూలైలోనే సిద్ధంగా ఉండాలి. 6వ తేదీ రాత్రి మెయిల్ పెడితే ఎవరు చూస్తారు? ప్రతి వ్యాపారానికీ ఇలాంటి ఒక తేదీ ఉంటుంది, మీది ఏదో చూసుకోండి.

పోటీదారులకు ఎవరు లింకులు ఇచ్చారో కూడా చూడండి. బింగ్ టూల్స్‌లో వేరే సైటును పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. అందులో సగం చెత్తే ఉంటుంది, దాన్ని కాపీ కొట్టకండి. ముగ్గురు పోటీదారులకూ ఒకే వ్యాసకర్త లింక్ ఇచ్చి ఉంటే మాత్రం, ఆయన మీకూ ఇవ్వగల మనిషి.

5. మెయిల్ రాయండి, ఒక్కొక్కరికీ విడిగా

నేను మొదట పంపినది ఇది, సిగ్గుపడుతూనే చూపిస్తున్నాను:

“డియర్ సర్, మీ బ్లాగ్ చాలా బాగుంది, నేను రెగ్యులర్‌గా ఫాలో అవుతాను. మా వెబ్‌సైట్‌కు ఒక బ్యాక్‌లింక్ ఇవ్వగలరని మనవి. మేము కూడా మీకు లింక్ ఇస్తాము.”

30 మందికి పంపాను. ఒక్కరు జవాబిచ్చారు, అదీ “నేను సర్‌ను కాదు” అని.

తర్వాత మార్చుకున్నది ఇలా ఉంటుంది:

“మేడమ్ గారికి నమస్కారం. ఉప్పాడ జాందానీ మీద మీరు రాసిన వ్యాసం చదివాను. అందులో ఉప్పాడ తూర్పు గోదావరి జిల్లాలో ఉందని ఉంది, 2022 ఏప్రిల్ నుంచి అది కాకినాడ జిల్లా. వ్యాసం కింద మగ్గం భాగాల కోసం మీరు ఇచ్చిన లింక్ కూడా ఇప్పుడు తెరుచుకోవడం లేదు. మంగళగిరిలో మా మామయ్యకు చీరల కొట్టు ఉంది. అక్కడి నేతగాడి సాయంతో మగ్గం మాటలన్నీ ఫొటోలతో ఒక పేజీలో పెట్టాం. మీ పాఠకులకు పనికొస్తుందనిపిస్తే ఆ పాత లింక్ స్థానంలో పెట్టవచ్చు. లేకపోయినా జిల్లా పేరు మాత్రం ఒకసారి చూడండి.”

ఇందులో ముందు వాళ్లకు పనికొచ్చేది ఉంది, నేనెవరో దాచలేదు, కాదనడానికి దారి ఉంచాను. బ్యాక్‌లింక్ అనే మాటే లేదు. తెరుచుకోని లింక్ స్థానంలో మనది సూచించడం పాత పద్ధతే, కానీ నిజంగా ఆ ఖాళీలో సరిపోయే పేజీ ఉంటేనే చేయాలి. చనిపోయిన పేజీలో ఏముండేదో ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో చూడొచ్చు.

జవాబు రాకపోతే వారం పది రోజులకు ఒకసారి గుర్తుచేయండి. రెండోసారి వద్దు. ఫోన్ నంబర్ వెతికి పట్టుకుని మధ్యాహ్నం నిద్ర చెడగొట్టడం అసలే వద్దు.

6. పేరు రాసి లింక్ మరిచినవాళ్లు, ఫొటో వాడుకున్నవాళ్లు

తెలుగు వార్తా సైట్లలో చాలావాటికి ఒక అలవాటు: పేరు రాస్తారు, లింక్ ఇవ్వరు. మీ సంస్థ పేరు మీద గూగుల్ అలర్ట్ పెట్టుకోండి. ఎక్కడైనా పేరు కనపడితే అదే రోజు రాయండి. కొత్త వార్తను దిద్దడానికి ఒప్పుకుంటారు, ఆరు నెలల కిందటిది ఎవరూ ముట్టుకోరు.

ఫొటోల సంగతి ఇంకా బాగుంటుంది. మా నాడె ఫొటోను గూగుల్ లెన్స్‌లో వేసి చూస్తే తెలియని సైట్లలో తేలింది. మామయ్య “కేసు వేద్దామా?” అన్నాడు. నేను మర్యాదగా రాశాను: ఫొటో ఉంచుకోండి, కింద ‘ఫొటో ఎవరిది’ అని మా పేజీకి లింక్ పెట్టండి చాలు. ఎక్కువమంది పెట్టారు. దొంగతనం చేశారని మొదలుపెట్టి ఉంటే ఫొటో తీసేసి ఊరుకునేవాళ్లు.

7. అతిథి వ్యాసాలు, డైరెక్టరీలు

గూగుల్‌లో వెబ్‌స్పామ్ విభాగాన్ని చూసిన మ్యాట్ కట్స్ 2014లోనే లింకుల కోసం వేరేవాళ్ల సైట్లలో అతిథి వ్యాసాలు రాసే పద్ధతికి కాలం చెల్లిందని రాశాడు. ఒకే సరుకును 50 చోట్ల తిప్పి రాసేవాళ్ల గురించి ఆ మాట. మీ పని గురించి నిజంగా చెప్పేది ఉండి, మంచి పాఠకులున్న చోట ఏడాదికి రెండు మూడు రాస్తే తప్పేమీ లేదు.

డైరెక్టరీల్లో గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, మీ ఊరి వర్తక సంఘం లాంటివి చాలు. చిరునామా, ఫోన్ నంబర్ అన్నిచోట్లా ఒకేలా ఉండాలి. వికీపీడియాలో మీ లింక్ దూర్చకండి. అక్కడి బయటి లింకులన్నీ నోఫాలో, పైగా నిర్వాహకులు తీసేస్తారు.

8. వేటి జోలికి పోకూడదు

ఇది నా డబ్బు పోయిన కథ. ఒక ఫేస్‌బుక్ గ్రూపులో ఒకాయన “3,000 రూపాయలకు 500 హై డీఏ లింకులు” అన్నాడు. పంపించాను. మూడు వారాలకు ఎక్సెల్ షీటు వచ్చింది. తెరిచి చూస్తే జూదం సైట్లు, ఎప్పుడో వదిలేసిన బ్లాగుల కింద వ్యాఖ్యలు, అన్నిటి మీదా ఒకటే యాంకర్ టెక్స్ట్. ర్యాంకు పెరగలేదు, తగ్గలేదు. ఆ లింకులను గూగుల్ అసలు లెక్కలోకే తీసుకున్నట్టు లేదు. “ఆ డబ్బుకు రెండు నూలు చీరలు వచ్చేవి కదరా” అన్నాడు మామయ్య.

మాకు అంతటితో సరిపోయింది. అమెరికాలో జేసీ పెన్నీ అనే పెద్ద దుకాణాల సంస్థ సంగతి వేరు. దుస్తులు, పరుపులు, తివాచీలు, ఏది వెతికినా ఆ సైటే ముందుండేది. దానికి కారణం సంబంధం లేని వేల సైట్లలో పెట్టించిన లింకులని న్యూయార్క్ టైమ్స్ పత్రిక 2011 ఫిబ్రవరిలో బయటపెట్టింది. గూగుల్ చర్య తీసుకోవడంతో రోజుల్లోనే కిందకు పడిపోయింది. తమకు తెలియకుండా జరిగిందంటూ ఆ సంస్థ తన ఎస్‌ఈవో కంపెనీని, అంటే సైటును సెర్చ్‌లో పైకి తెచ్చే పని చేసే కంపెనీని తీసేసింది. మరుసటి ఏడాది ఏప్రిల్ 24న ఇలాంటి లింకులను పట్టడానికి గూగుల్ పెంగ్విన్ అనే మార్పు తెచ్చింది. 2016 నుంచి అది నిరంతరం పనిచేసే ప్రధాన వ్యవస్థలోనే భాగం. 2022 డిసెంబరులో కొన్న లింకులను పట్టడానికి స్పామ్‌బ్రెయిన్ అనే ఏఐని కూడా దించారు.

డబ్బిచ్చి కొనడం ఒక్కటే కాదు. నువ్వు నాకిస్తే నేను నీకిస్తా అని పెద్ద ఎత్తున మార్చుకోవడం, సొంతంగా 20 డొల్ల సైట్లు పెట్టి వాటి నుంచి లింకులు ఇచ్చుకోవడం, పాత డొమైన్లు కొని చెత్తతో నింపడం కూడా నిబంధనలకు విరుద్ధమే. యూట్యూబ్‌లో పేరున్నామెకు చీర ఉచితంగా పంపి, ఆమె బ్లాగులో లింక్ పెట్టించుకున్నా అది కొన్నట్టే. తప్పనిసరైతే ఆ లింక్‌కు స్పాన్సర్డ్ గుర్తు పెట్టమనండి. ప్రవాస సంఘం ఉత్సవానికి చందా ఇచ్చి సావనీర్ పేజీలో లింక్ తీసుకున్నా అదే సంగతి.

తెలియని చెత్త సైట్లు వాటంతటవే లింక్ ఇస్తుంటాయి. వాటిని చూసి భయపడి, ‘ఈ లింకులను లెక్కలోకి తీసుకోవద్దు’ అని గూగుల్‌కు చెప్పే డిజవౌ టూల్ దగ్గరికి పరుగెత్తకండి. అది 2012 అక్టోబరులో వచ్చింది, చాలా సైట్లకు అవసరం పడదు. సెర్చ్ కన్సోల్‌లో ‘మాన్యువల్ యాక్షన్స్’ కింద, అంటే గూగుల్ మనుషులే చూసి చర్య తీసుకున్నామని నోటీసు వచ్చినా, గతంలో మీరే కొన్నవాటి వల్ల వచ్చేలా ఉన్నా అప్పుడు చూసుకోవచ్చు. తొందరపడి మంచి లింకులను అందులో పడేస్తే మీ వేలు మీరే నరుక్కున్నట్టు.

9. ఎంతకాలం చూడాలి

నెలకోసారి షీటు తెరిస్తే చాలు. మూడు గడులు చూస్తాను: కొత్తగా లింక్ ఇచ్చిన సైట్లు ఎన్ని, ఆ పేజీలు ఏయే వెతుకులాటల్లో కనపడుతున్నాయి, లింకుల మీదుగా మనుషులు వస్తున్నారా. ఒకే సైటు నుంచి 200 లింకులు రావడం కంటే 10 వేరు వేరు సైట్ల నుంచి ఒక్కొక్కటి రావడం నాకు సంతోషం. మాకు మగ్గం పేజీ పెట్టాక నాలుగు నెలలకు కదలిక కనపడింది. ఎనిమిదో నెలలో మంగళగిరి చీర అని తెలుగులో వెతికితే మొదటి పేజీలోకి వచ్చాం. ఇంగ్లిష్‌లో ఇంకా రెండో పేజీ దగ్గరే తచ్చాడుతున్నాం.

ఇప్పుడు మగ్గం పేజీలో ఒక్కటి తక్కువ. పడుగుకు గంజి పెట్టే పని ఫొటోలు లేవు. ఆ పని వీధిలో పడుగు బారుగా చాచి, ఎండ ఎక్కకముందే చేస్తారు. నేతగాడు ఆదివారం తెల్లవారుజామున ఐదింటికే రమ్మన్నాడు. జూలై 15లోగా పేజీలో ఎక్కించి విలేకరులకు రాయాలి.